పట్టుబడ్డాక

గీతకూ ఫెబా చేతికీ మధ్య జానెడు దూరం. నడుముకు ఒకతి, కాళ్ళకు ఇద్దరు, పుంగనూరు పిల్లలు ముగ్గురు ఆమెను పట్టుకుని వేలాడుతున్నారు. బంతి ఉన్న మోచెయ్యి అప్పటికే నేలకు ఆనేసింది. ఇంకొకతయితే అక్కడితో సరిపెట్టుకునేది. ఫెబా సరిపెట్టుకునే మనిషా? పొట్ట మీద పాకి, భుజం ఊడొస్తుందేమో అన్నట్టు సాగదీసి, బంతిని సున్నపు గీత అవతల ధబీమని పెట్టింది. పెట్టి, మొహం నిండా ఎర్రమన్నుతో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

విజిల్ మోగింది. మదనపల్లె పిల్లలు ఎగిరి గంతేశారు. తీరా చూస్తే రెఫరీ ఉమాశంకర్ చెయ్యి పుంగనూరు వైపు చూపిస్తోంది.

"పట్టుకున్నాక పాకకూడదమ్మా. ఎన్నిసార్లు సెప్పాల మీకు? పెనాల్టీ వాళ్ళకి."

"సార్, గీత ముట్టినాను గద సార్!"

"ముట్టినావు. ఆగాల్సిన తావున ఆగకుండా పొయ్యి ముట్టినావు. లే, బంతి ఇచ్చెయ్."

ఫెబా లేచింది గానీ బంతి వెంటనే ఇవ్వలేదు. దానికేసి ఒకసారి చూసి, అది చేసిన తప్పేదో ఉన్నట్టు నేల మీద విసురుగా పెట్టింది. ఇదే ఆటలో అంతకుముందు ఆదిలక్ష్మి కూడా ఇలాగే పాకి గీత దాటింది, ఇలాగే విజిల్ మోగింది. రెండు ట్రైలు. చేతికొచ్చినవి చేతిలోంచే జారిపోయాయి. కాసేపటికి ఆట ఎనిమిదీ ఎనిమిదీ సమానంగా ముగిసింది.

మూడు ఊళ్ళ పోటీ అది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల రగ్బీ లీగ్. శుక్రవారం పుంగనూరులో, శనివారం మదనపల్లెలో, ఆదివారం కుప్పంలో. జట్టుకు తొమ్మిది మంది. గోలు స్తంభాలు నాటించే ఓపిక ఏ ఊరికీ లేకపోయింది కాబట్టి బంతిని తన్ని పాయింట్లు తెచ్చుకునే పని తీసేశారు. బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే ఒక ట్రై, దానికి నాలుగు పాయింట్లు, అంతే లెక్క. గెలిచిన జట్టు మొత్తం విశాఖపట్నంలో రాష్ట్ర పోటీకి వెళుతుంది. వచ్చే ఏడాదికి ఫెబాకు వయసు దాటిపోతుంది. కబడ్డీ ఆడినన్నాళ్ళూ జిల్లా పోటీలోనే ఓడి, బస్సెక్కి, మాట్లాడకుండా ఇంటికొచ్చిన పిల్ల ఆమె. ఈసారి అలా రాకూడదని గట్టిగా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు గానీ ఆమె అనుకున్నట్టు జట్టులో అందరికీ తెలుసు.

అసలు చిక్కంతా కబడ్డీతోనే వచ్చింది. మిషన్ స్కూలు పీఈటీ సుహాసిని మేడం ఈ కోడిగుడ్డు ఆకారం బంతిని తెచ్చినప్పుడు ముందుకొచ్చిన పిల్లలందరూ కబడ్డీ పిల్లలే. చీలమండ దొరికితే వదలరు. పడితే ఏడవరు. పరిగెత్తేవాళ్ళను పడగొట్టడం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ కబడ్డీలో కూతకు పోయిన పిల్లను పట్టుకున్నారంటే అక్కడే ఆట మొదలు. ఊపిరి ఉన్నంతసేపూ గీత కోసం పెనుగులాడాలి, వేలికొన గీతకు తగిలితే చాలు, పట్టుకున్నవాళ్ళందరూ అవుటు. ఈ ఆటలో పట్టుకున్నారంటే ఆగిపోవాలి. లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, పాదంతో వెనక్కి దొర్లించాలి. వెనకున్న పిల్ల దాన్ని ఎత్తుకుని తనవాళ్ళలో ఎవరికో ఒకరికి అందిస్తుంది. అలా ఆరుసార్లు పట్టుబడేదాకా బంతి మనదే. ఇంత చిన్న సంగతి, చెపితే మూడు నిమిషాలు పట్టదు. ఒంటికి ఎక్కాలంటే మాత్రం ఏళ్ళ తరబడి ఎక్కింది ముందు దిగాలి కదా!

వెనక నిలబడి బంతి ఎత్తే పిల్లను డమ్మీ అంటారు. పేరుకే డమ్మీ, బంతి ఎవరికి పోవాలో తేల్చేది ఆమే. మదనపల్లెకు ఆ పిల్ల ఫెబా, పైగా కెప్టెను.

*

తిరుగు బస్సులో వెనక సీట్లన్నీ వీళ్ళవే. ఆదిలక్ష్మి కిటికీలోంచి ఉమ్మి, చెయ్యి తిప్పుతూ మొదలుపెట్టింది.

"మన పాకుడు సంగతి సరేలే. ఆ నందిని ఏం జేసినాదో సూసినారా? బంతి దానంతటదే ఎగిరొచ్చి దాని సేతిలో పడె. ఎదర ఎవురూ లేకపాయె. నాలుగడుగులు పరిగెత్తె. ఒక పిల్ల అట్ల పట్టుకునిందో లేదో, టక్కని ఆగిపాయె! లేసి బంతి కింద పెట్టేసె. పోరాడేదే లేదు. దానికి రోసమే లేదు!"

"ఎనకాల ఎత్తుకునేదానికి మనమెవురమూ లేకపోతిమి గదే," అంది తబిత.

"ఉండేదానికి మనకేం దెలుసు, అంత బిరీన లేస్తాదని! ఎవురన్నా అట్ల లేస్తారా?"

అందరూ నవ్వారు. ఫెబా కూడా నవ్వింది. తను పాకి పోగొట్టిన నాలుగు పాయింట్ల గురించి ఎవరూ ఎత్తనందుకు ఆ నవ్వులో కొంచెం ఊరట కూడా ఉంది.

నందిని ముందు సీట్లో మేడం పక్కన కూర్చుని ఉంది. తొమ్మిదో క్లాసు, కొంగలాంటి కాళ్ళు, బి.కొత్తకోటలో వాళ్ళ నాన్నకు విత్తనాల అంగడి. కబడ్డీ ఆడింది లేదు, చూసింది కూడా తక్కువే. ఇద్దరు పిల్లలు మోకాళ్ళు దోక్కుపోయాయని మానేస్తే, ఆ ఖాళీలో మేడం తెచ్చి నిలబెట్టిన పిల్ల. వెనక జరుగుతున్న మాటలు ఆ పిల్ల చెవిన పడకుండా ఉండవు, బస్సు అంత పెద్దదేం కాదు. కాసేపటికి ఒక డబ్బా చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. వేరుశనగ ఉండలు. వాళ్ళమ్మ కట్టిచ్చిందట. అందరూ తలా ఒకటి తీసుకున్నారు. ఆదిలక్ష్మి రెండు తీసుకుంది. ఖాళీ డబ్బా ముందుకు పోయింది. బాగున్నాయని ఒక్కతీ అనలేదు.

*

శనివారం మదనపల్లెలో ఆట కుప్పానికీ పుంగనూరుకీ. ఫెబావాళ్ళకు చూడ్డమే పని. రోడ్డు మీద టమోటా లారీలు హారన్ కొట్టుకుంటూ పోతుంటే కాలేజీ గ్రౌండులో నిన్నటి దెబ్బలకు పసుపు అంటించుకుని గట్టు మీద కూర్చున్నారు.

కుప్పం కెప్టెను భార్గవి పొట్టిగా, బియ్యం మూటలా గట్టిగా ఉంటుంది. పరుగులో వేగం లేదు. నాలుగడుగులు పోతే పట్టేసుకుంటారు. ఫెబాకు మొదట నవ్వొచ్చింది. పేరు విని ఈమెకా నిన్నంతా భయపడింది? కానీ భార్గవి పడ్డట్టే ఉండేది, చూస్తుండగానే లేచి ఉండేది. పడగొట్టిన పుంగనూరు పిల్ల ఇంకా మోకాళ్ళ మీదే ఉంటుంది, మిగతావాళ్ళు వెనక్కి నడుస్తూనే ఉంటారు, ఇటు బంతి వెనక్కి దొర్లడం, ఎవరో ఎత్తుకుని పరిగెత్తడం అయిపోయేది. మళ్ళీ పడ్డం, మళ్ళీ లేవడం. పుంగనూరువాళ్ళు ఎవరినీ వదిలెయ్యలేదు, ఎక్కడా తప్పు చెయ్యలేదు. ఊరికే ఆలస్యమైపోయారు, ప్రతిసారీ ఒక్క ఊపిరంత ఆలస్యం. కుప్పం సునాయాసంగా గెలిచింది.

ఇలా లేవడం ఎక్కడో చూశానే అని ఫెబా మనసు గుంజింది. ఎక్కడో కాదని కూడా తెలుసు. తెలిసిన మాట ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

ఆట ముగిశాక నీళ్ళ డ్రమ్ము దగ్గర భార్గవే పలకరించింది.

"నువ్వు ఫెబా గదా? నిన్న పుంగనూరుకొచ్చి మీ ఆట సూసినాంలే."

"ఎట్ల ఉండాది?"

"బాగుండాది. పట్టు మాత్రం మీదే పట్టు, ఉడుంపట్టు. అవునూ, ఆ పొడుగుకాళ్ళ పాప పేరేంది?"

"యా పాప?"

"అదేమ్మా, నువ్వు పడినప్పుడంతా నీ ఎనకాలే వచ్చి నిలబడుకోనుంటాది సూడు. నువ్వనే కాదు, ఎవురు పడినా సరే. ఆట అయిపొయ్యేదాకా పరిగెత్తతానే ఉండాది, ఉత్త సేతులతో."

"నందిని."

"ఆ పాపకి బంతే ఇయ్యరేమి మీరు? యాల?"

ఫెబా గ్లాసులో నీళ్ళు తాగుతున్నట్టు నటించింది. గ్లాసులో నీళ్ళు లేవు.

"ఇయ్యాకండిలే," అంది భార్గవి, మూతి తుడుచుకుంటూ. "రేపు గూడా ఇయ్యాకండి తల్లీ, నీకు పున్నెముంటాది. మాకు అదే మేలు." ఎగతాళిగా ఏమీ అనలేదు, ఉన్న సంగతే అన్నట్టు నవ్వి వెళ్ళిపోయింది.

ఫెబాకు ఒళ్ళు మండింది. మా జట్టు సంగతి దీనికెందుకు? మండిన మంట కాసేపటికి తన మీదికే తిరిగింది. యాల ఇయ్యలేదు? నందిని పక్కనే ఉన్నట్టు తెలియకనా? తెలుసు. నిన్న ఒకసారి కాదు, చాలాసార్లు, బంతి ఎత్తగానే కంటి కొసకు ఆ పొడుగుకాళ్ళు కనబడ్డాయి. చుట్టూ ఎవరూ లేరు, చేతులు ముందుకు చాపి ఉన్నాయి. ఫెబా చెయ్యి అటు పోబోయి ఆదిలక్ష్మి వైపు తిరిగింది. ఆదిలక్ష్మి మీద అప్పటికే ఇద్దరు కాచుకుని ఉన్నా సరే. తిప్పుకున్నది తన చెయ్యే. ఆ పిల్ల చేతులు దించుకుని మళ్ళీ వెనక్కి పరిగెత్తింది. ఒక్కసారి కూడా "అక్కా, నాకు" అని అరవలేదు. అరిచినా ఇవ్వరని తెలిసినట్టుంది. ఇంత అన్యాయం చేస్తూ నేనేదో ఆడి గెలిపిస్తానని తిరుగుతున్నానే అనుకుంది ఫెబా. సిగ్గేసింది. నలుగురిలో పడిపోయినా రాని సిగ్గు, ఎవరూ చూడని ఆ డ్రమ్ము దగ్గర వచ్చింది.

*

సాయంత్రం ప్రాక్టీసుకు నందిని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే ఫెబా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఏదో మంచిగా అడుగుదామనే వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"ఏమే, నిన్ను పట్టుకుంటే నీకు రోసం రాదా?"

నందిని తల ఎత్తింది. "వస్తాదక్కా. కానీ దానికి టైమ్ యాడుండాది? లేసి బంతి పెట్టాల గదా."

"పెనుగులాడబుద్ధి కాదా?"

"నాకు కబడ్డీ రాదు గదక్కా. మేడం సెప్పిందే సేస్తాండా." తాడు ముడి వేసి, కొంచెం ఆలోచించి, "కబడ్డీలో దొరికితే సచ్చినట్టే అంట గదా, ఆదిలక్ష్మక్క సెప్పింది. ఈడ అట్ల కాదు గదా. దొరికినా ఇంకా బతికే ఉంటాము. మన బంతి మన దగ్గరే ఉంటాది. ఇంకేమి కావల్ల?" అంది.

ఫెబా ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఎత్తిపొడుపేం లేదు. అడిగిందానికి బదులు చెప్పింది, అంతే.

"సరే, లే. నన్ను పట్టుకో."

ఫెబా బంతితో పరిగెత్తింది. నందిని నడుము పట్టి పడేసింది. ఫెబా చెయ్యి ముందుకు సాగింది. మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ పడింది, చెయ్యి మళ్ళీ సాగింది. ఆగాలని బుర్రలో ఉంది, చెయ్యి వినదు. పడీ పడగానే అది పాములా ముందుకు పోతుంది. "సీ, దీన్ని నరికి పారెయ్యల్ల!" అని ఫెబా ఆ చేతిని రెండో చేత్తో కొట్టింది. గట్టు మీద తబిత కిసుక్కుమంది. ఆదిలక్ష్మి మాత్రం నవ్వలేదు.

"కెప్టెనమ్మ శిష్యురాలైపోయింది సూడండ్రా," అని పైకే అంది.

"అక్కా," అంది నందిని మెల్లగా, "సెయ్యి సంగతి మర్చిపో. నువ్వు దాన్ని ఆపల్ల ఆపల్ల అనుకుంటాండావు, అందుకే పోతాండాది. మోకాలు సూడు. పడినాక మోకాలు పొట్టకిందికి లాక్కో. మోకాలు వస్తే సెయ్యి దానంతటదే వస్తాది."

నేల మీద పడి చూపించింది. మోకాలు ఒక్కటే లోపలికి వచ్చింది. దాని మీద నడుము లేచింది, నడుముతో భుజాలు లేచాయి, పాదం కిందికి బంతి వచ్చింది. అంత పొడుగు పిల్ల అంత కొంచెం చోటులోంచి లేవడం చూస్తే ముచ్చటేసింది. ఎవరూ నేర్పింది కాదు ఇది. మేడం "బిరీన లెయ్యండి" అని మాత్రమే చెప్పింది. ఎలా లేవాలో ఈ పిల్ల తనంతట తనే, ఎవరూ బంతి ఇవ్వని చోట, ఎన్నిసార్లు పడి తెలుసుకుందో!

ఫెబా పడింది. మోకాలు లాక్కుంది. చెయ్యి సగం సాగి ఆగింది. మళ్ళీ పడింది. వెలుతురు తగ్గేదాకా ఇద్దరూ అలా పడుతూ లేస్తూనే ఉన్నారు. సుహాసిని మేడం దగ్గరికి రాకుండా దూరంగానే నిలబడి చూసింది. నెలకు పైగా తను చెపుతున్నదే ఇది. ఇప్పుడు తను కల్పించుకుంటే చెడిపోతుందని ఆమెకు తెలుసు.

*

ఆదివారం కుప్పంలో మబ్బు పట్టి చల్లగా ఉంది. లెక్క అందరికీ తెలిసిందే. కుప్పం పుంగనూరును ఓడించింది, మదనపల్లె ఓడించలేకపోయింది. కాబట్టి ఆట సమానమైతే విశాఖపట్నం కుప్పానిదే. మదనపల్లె గెలిచి తీరాలి.

ఫెబా నాన్న రాజరత్నం మిషన్ ఆస్పత్రిలో అంబులెన్సు డ్రైవరు. పొద్దున మొదటి ఆరాధనకు పోయి, అటునుంచి అటే బస్సెక్కి వచ్చాడు, తెల్లచొక్కా నలగకుండా. ఒకప్పుడు కబడ్డీలో ఆయన కూతకు వస్తే ఎదుటివాళ్ళు తడబడేవారట. గీత కోసం సాగే ఆ చెయ్యి ఫెబాకు ఆయన ఇచ్చిందే.

"పాపా, ఊపిరుండేంతవరకూ ఇడవద్దు," అన్నాడు గట్టు మీంచే.

ఫెబా తల ఊపింది. ఈ ఆటలో విడవాల్సిన చోటు కూడా ఒకటుందని ఇప్పుడు ఆయనకు చెప్పడం అయ్యే పని కాదు.

ఆట మొదలైన కాసేపటికే ఫెబా బంతి ఎత్తింది. కంటి కొసకు పొడుగుకాళ్ళు. ఈసారి చెయ్యి తిప్పుకోలేదు, నేరుగా విసిరింది. నందిని నివ్వెరపోయినట్టుంది. బంతి వస్తుందని ఎన్నడూ అనుకోని పిల్లకు బంతి వస్తే ఏమవుతుంది? వేళ్ళకు తగిలి జారి ముందుకు పడింది. విజిల్. చేజారి ముందుకు పడితే ఈ ఆటలో తప్పే, బంతి కుప్పానికి. కుప్పం జనం ఒకటే కేకలు. ఆదిలక్ష్మి నడుముల మీద చేతులు పెట్టుకుని ఫెబాకేసి చూసిన చూపు చెప్పనక్కర్లేదు. అదే ఊపులో భార్గవి వచ్చి మొదటి ట్రై కొట్టేసింది.

నందిని ముఖం వాడిపోయింది. "ఇంకొద్దులే అక్కా నాకు," అంది పక్కనుంచి పోతూ.

"నోర్మూసుకోని సేతులు సాపు," అంది ఫెబా.

రెండోసారి నందిని బంతిని పట్టుకుంది. నాలుగడుగులు పోయింది, పడింది, లేచింది. కుప్పంవాళ్ళు ఇంకా వెనక్కి సర్దుకోలేదు. ఫెబా ఎత్తింది, తబితకు ఇచ్చింది, తబిత దున్నుకుంటూ గీత దాటింది. నాలుగూ నాలుగు. అందరూ తబిత మీద పడ్డారు. ఆ దారి తెరిచింది ఆ లేవడమేనని ఫెబా ఒక్కతే చూసింది. కాదు, భార్గవి కూడా చూసింది. మధ్య గీత దగ్గరికి నడుస్తూ, "ఇయ్యాకండి అంటినే!" అంది దిగులుగా.

రెండో సగంలో చెరొకటి కొట్టారు. ఎనిమిదీ ఎనిమిది. మదనపల్లె పిల్లల కాళ్ళు బరువెక్కాయి. కుప్పం పిల్లలకు సమానమైనా చాలు, వాళ్ళు గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఉమాశంకర్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

బంతి మదనపల్లె చేతిలోనే ఉంది. నాలుగుసార్లు పట్టుబడ్డారు, ఇది అయిదో అవకాశం. ఫెబా బంతి ఎత్తి, ఆదిలక్ష్మికి ఇస్తున్నట్టు చెయ్యి ఊపి, ఇవ్వకుండా తనే దూరిపోయింది. ఇద్దరి మధ్యనుంచి తప్పించుకుంది. గీత కనిపించింది. తెల్లగా, దగ్గరగా. అంతలో పక్కనుంచి భార్గవి వచ్చి నడుముకు తగిలింది. ఫెబా పడింది. మోచెయ్యి నేలకు ఆనింది. ఇంకొకతి వచ్చి కాళ్ళ మీద పడింది.

గీతకూ చేతికీ మధ్య మళ్ళీ అదే జానెడు.

"సాపు పాపా! సాపు!" గట్టు మీద రాజరత్నం తెల్లచొక్కా సంగతి మరచి గొంతు చించుకుంటున్నాడు. "సెయ్యి సాపే!" కబడ్డీ తెలిసిన ఊళ్ళే అన్నీ. అక్కడున్న మగా ఆడా, కుప్పంవాళ్ళతో సహా, ఊపిరి బిగబట్టారు. ఆ కాస్త దూరం సాగకుండా ఎవరాగుతారు? ఫెబా భుజంలో నరం అప్పటికే లాగుతోంది. విశాఖపట్నం ఆ జానెడు అవతలే ఉంది. వచ్చే ఏడాది లేదు.

ఫెబా మోకాలు పొట్టకిందికి లాక్కుంది.

అంతే, చెయ్యి వెనక్కి వచ్చింది. భార్గవి పట్టు సడలించక తప్పలేదు, ఎందుకంటే ఎదుటిది పెనుగులాడటం లేదు, లేస్తోంది. "అయ్యో! అయ్యో!" అని గట్టు మీద నాన్న గొంతు. ఫెబా బంతిని నేల మీద పెట్టి పాదంతో వెనక్కి దొర్లించింది. వెనక ఎవరున్నారో చూడలేదు. రెండు రోజుల క్రితమయితే చూసేది, చూసి ఎవరూ లేరనుకునేది. డమ్మీ తనే పడిపోయాక డమ్మీ చోటులో నిలబడే పిల్ల జట్టుకు ఒక్కతే ఉంది. ఎప్పుడూ ఉంది.

నందిని బంతి ఎత్తుకుంది. గీత రెండడుగులు. కుప్పం పిల్లలు ఇద్దరు ఆమె మీదికి ఉరికారు. దూకితే దాటేదేమో, దాటకపోయేదేమో. తొలిసారి ట్రై కొట్టే అవకాశం చేతిలో ఉన్న ఏ పిల్లయినా దూకేది. నందిని దూకలేదు. ఇద్దరూ పూర్తిగా తన దగ్గరికి వచ్చేదాకా ఆగి, బంతిని పక్కకు, మూల మీద ఒంటరిగా నిలబడి ఉన్న ఆదిలక్ష్మికి విసిరింది. తనకు రోషం లేదన్న ఆదిలక్ష్మికి! ఆ పిల్ల నడుచుకుంటూ పోయినా దాటేది. పరిగెత్తుకుంటూ పోయి, పొట్ట మీద పడి, బంతిని రెండు చేతులతో నేలకు అదిమిపెట్టింది.

పన్నెండూ ఎనిమిది. ఉమాశంకర్ పొడుగ్గా విజిల్ ఊదాడు.

ఆ తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో, ఎవరు ఎవరిని ఎత్తారో తెలియలేదు. భార్గవి ఓడిన ఏడుపు ఒక చేత్తో తుడుచుకుంటూనే వచ్చి ఫెబా వీపు మీద ఒకటి చరిచింది. సుహాసిని మేడం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుస్తూ, తుడుస్తూనే ఉండిపోయింది. రాజరత్నం గ్రౌండులోకి దిగొచ్చాడు.

"గీత ముందర ఆగిపోతివే పాపా! నా గుండె ఆగిపాయె గదే!"

"ఆగినందుకే గెలిచినాము నాయనా."

ఆయన కాసేపు కూతుర్నీ, ఆ సున్నపు గీతనీ మార్చి మార్చి చూశాడు. "ఇదేమి ఆటో ఏమో," అన్నాడు. "బాగుండాది గానీ." మన్ను కొట్టుకున్న కూతురి తలను తెల్లచొక్కాకు ఆనించుకున్నాడు.

పేపరతను కప్పుతో ఫోటో అన్నాడు. ట్రై కొట్టిన పిల్ల ముందుకు రావాలన్నాడు. ఆదిలక్ష్మి కప్పు పట్టుకుని నిలబడి, ఎందుకో మెడ తిప్పి అటూ ఇటూ వెతికింది. "ఆ పిల్ల యాడికి పాయె?" అంది, ఎవరినని చెప్పకుండా.

నందిని గ్రౌండు ఆ చివర ఉంది. పారేసిన నీళ్ళ సీసాలు ఏరి సంచిలో వేస్తోంది. ఫెబా అక్కడికి నడిచింది. ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంది. తప్పయిపోయిందని చెప్పడం ఫెబాకు చేతకాదు, ఎప్పుడూ చెప్పింది లేదు.

"వైజాగ్‌లో డమ్మీ నువ్వే," అంది.

నందిని వంగినదల్లా నిటారుగా లేచింది. "నేనా? మరి నువ్వక్కా?"

"నేను బంతి తీసుకోని పరిగెత్తతా. నాకు అదే బాగొస్తాది. ఎవురికియ్యాల్నో, ఎవురికి ఇయ్యకూడదో నువ్వు సూసుకో."

ఆ మాట ఎంత పెద్దదో ఆ పిల్లకు తెలిసింది. సీసా మూత తిప్పింది, బిగించింది, మళ్ళీ తిప్పింది. ఫెబా ముఖంలోకి సూటిగా చూసింది, ఈ నెల రోజుల్లో మొదటిసారి.

"నీకు గూడా ఇస్తాలే అక్కా," అంది.

తగలాల్సిన చోటే తగిలింది ఫెబాకు. అంతకంటే తక్కువ తగిలి ఉంటే తనకే బాగుండేది కాదు.

"ఇయ్యి తల్లీ," అని, ఆ పిల్ల చేతిలోంచి సీసాల సంచి అందుకుంది. "నువ్వు పో, ఫోటోకు పిలస్తాండారు."